ఇరవై ఏడో మొక్కకి మామిడి సొన వాసన

నేను ఇంగ్లండులో గంజాయి పండించి రిటైరయ్యాను. ఉలిక్కిపడకండి. అటక మీద నల్లగుడ్డలు కట్టుకుని కాదు, సర్కారువారి లైసెన్సుతో, గాజు ఇళ్ళల్లో, ఒక మందుల కంపెనీ జీతం తీసుకుంటూ పండించాను. తొంభైల చివర్లో చేరి రెండువేల ఎనిమిదిలో బయటికొచ్చాను. నా ఉద్యోగం సంగతి తెలిసినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "ఎప్పుడైనా రుచి చూశారా?" ఛీ, అదా అడగాల్సిన మాట? అన్నేళ్ళు ఆ మొక్కల్ని సాకిన మనిషిని పట్టుకుని మొక్క ఎలా ఉంటుందని ఒక్కరూ అడగరు!

అందుకే అడక్కపోయినా చెప్తున్నాను. మొక్కల బ్రీడింగ్ చదువుకుని ఇలాంటి కొలువుల్లోకి వచ్చే పిల్లలు చదవాలని నా కోరిక. నాకు ఏ ఏడు ఏ హోదా ఇచ్చారో, ఎన్ని రిపోర్టులు రాశానో మీకు అక్కర్లేదు. ఒక్క మొక్క సంగతి చెప్తాను. బంగారంలాంటి ఆ మొక్కని తెలిసి తెలిసి ఎలా చంపుకున్నామో చెప్తాను. చదివాక మీకూ ఒళ్ళు మండితే నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

చేసిన పని

మాది నూజివీడు దగ్గర. నాన్నకి మామిడి తోట ఉండేది. బాపట్లలో అగ్రికల్చర్ చదివాను, రాజమండ్రిలో కొన్నాళ్ళు పొగాకు మొక్కల మీద పనిచేశాను. మావారికి బేసింగ్‌స్టోక్‌లో కంప్యూటర్ ఉద్యోగం వస్తే ఆయన వెనకాల వచ్చాను. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకున్నాక, ఔషధ మొక్కల బ్రీడర్ కావాలని పేపర్లో ప్రకటన కనపడింది. ఇంటర్వ్యూలో అన్నీ అయ్యాక చివర్లో చెప్పారు మొక్క పేరు. "మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు. "పొగాకు మీద పనిచేసినప్పుడు ఎవరూ ఈ మాట అడగలేదే" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

ఆ గాజు ఇళ్ళు ఎక్కడున్నాయో ఇప్పటికీ చెప్పను, చెప్పనని సంతకం పెట్టాను. చుట్టూ ఎత్తు కంచె, కెమెరాలు, గేటు దగ్గర వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ సంచీ తెరిచి చూసే గార్డు. లోపల మాత్రం మామూలు వ్యవసాయమే. నల్లి పట్టిందా అని భూతద్దంతో ఆకు వెనక చూడటం, కొమ్మలు తుంచి నాటడం, బూజు పట్టిన పువ్వు తీసి పారేయడం. మా పనికి ఆడ మొక్కలే కావాలి. మంచి మొక్క ఒకటి దొరికితే దాన్ని తల్లిమొక్కగా ఉంచుకుని, దాని కొమ్మలే నాటుకుంటూ పోతాం. విత్తనం జోలికి పోం, ఎందుకంటే విత్తనంలో అక్కలా చెల్లి ఉండదు. తల్లిమొక్క పోయిందా, ఆ రకం భూమ్మీద నుంచి పోయినట్టే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

వాసన మాత్రం వదిలేది కాదు. పనయ్యాక స్నానం చేసి బట్టలు మార్చుకున్నా జుట్టులో ఉండేది. మావారు చలికాలంలో కూడా కారు అద్దాలు దింపి నడిపేవారు. సూపర్‌మార్కెట్ క్యూలో చెవిపోగుల కుర్రాళ్ళు నన్ను చూసి గౌరవంగా తలూపేవారు. కోటు కింద చీర కట్టుకున్న నలభై దాటిన ఆడదాన్ని!

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది

ఒకే తల్లీతండ్రీ విత్తనాల్లోంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఈ రెండూ. మేం పేర్లు పెట్టం, నంబర్లే. రెండూ పొడుగ్గా, నాజూగ్గా, సన్నటి వేళ్ళలాంటి ఆకులతో పెరిగేవి. పువ్వు వదులుగా కట్టేది కాబట్టి బూజు పెద్దగా పట్టేది కాదు. కానీ పూత తయారవడానికి మిగతా రకాలకంటే చాలా ఎక్కువ వారాలు తీసుకునేవి, దిగుబడీ తక్కువ. పక్కపక్కన నిలబెడితే కన్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు.

తేడా అంతా లోపల ఉంది. గంజాయిలో మత్తెక్కించే సరుకు ఒకటుంటుంది. దానికి కళ్ళెం వేసే సరుకు ఇంకొకటుంటుంది. ఇరవై ఎనిమిదిలో మత్తు సరుకే నిండుగా ఉండేది. ఇరవై ఏడులో రెండూ సరిసమానంగా ఉండేవి. ఒకే మొక్కలో అంత పొందిగ్గా కుదరడం అదృష్టం. బిగుసుకుపోయిన కండరాల్ని వదులు చేస్తూ, తల తిరగనివ్వని మందు కావాలని డాక్టర్లు అడుగుతున్న రోజులవి. రోగుల మీద మందు పరీక్షించే ట్రయల్ కోసం ఇరవై ఏడునే ఎంచారు.

వాసనలో కూడా తేడా ఉంది. పూత రానక్కర్లేదు, లేత కొమ్మని వేళ్ళతో నలిపి వాసన చూస్తే చాలు. ఇరవై ఎనిమిది టర్పెంటైన్ వాసన. కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర నిలబడ్డట్టుండేది. ఇరవై ఏడు మాత్రం, మొదటిసారి నలిపినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పచ్చి మామిడికాయ తొడిమ తుంచితే చివ్వున చిమ్ముతుందే సొన, అచ్చం ఆ వాసన. నా ఎడమ చెంప మీద ఇప్పటికీ మచ్చ ఉంది, ఏడేళ్ళప్పుడు చిన్నరసం కాయ తుంచితే సొన పడి కాలింది. ఆ వాసన నాకు ఒకరు చెప్పాలా?

మా బాస్ పేరు డెరెక్. గ్రీన్‌హౌస్ టమాటాల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ తనకి తెలియనిది లోకంలో లేదనుకునే రకం. కొత్త రకాలు వచ్చినప్పుడు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి వాసనలు ఖాయం చేసే మీటింగ్ పెట్టేవాడు. ఇరవై ఏడు నా చేతికి రాగానే "పచ్చి మామిడి సొన" అన్నాను.

"మామిడిపండు తియ్యగా ఉంటుంది కదా రాజ్? ఇది తియ్యగా లేదే" అన్నాడు. నా పూర్తి పేరు రాజ్యలక్ష్మి. ఆయన నోటికి అంతవరకే తిరిగేది.

"పండు కాదు డెరెక్. కాయ. తొడిమ దగ్గర కారే జిగురు."

"అది ఇక్కడ ఇంకెవరికైనా తెలుసా?" అని చుట్టూ చూశాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. "అయితే పైన్ చెట్టు వాసన అందాం. పైన్ అందరికీ తెలుసు."

ఇరవై ఎనిమిదికీ పైన్ అనే ఖాయం చేశాడు. రెండింటికీ ఒకే పేరైతే రేపు ఎలా పోల్చుకుంటామని అడిగాను. "లేబుళ్ళు ఉంటాయిగా" అన్నాడు. నాకు తెలిసిన వాసన నలుగురికీ తెలియకపోతే అది వాసనే కాదన్నమాట! వాళ్ళ ముక్కులే ముక్కులు, నా ముక్కు ముక్కు కాదు.

కృష్ణవేణి ఆంటీ

ఉద్యోగంలో చేరిన మొదటి ఉగాదికి స్టాన్‌మోర్‌లో తెలుగువాళ్ళందరం ఒక స్కూలు హాల్లో కలిశాం. తలా ఒకటి వండి తెచ్చాం. నేను మామిడికాయ పులిహోర తీసుకెళ్ళాను. నా ఉద్యోగం సంగతి అప్పటికే పాకిపోయింది. వడ్డన దగ్గర కృష్ణవేణి ఆంటీ అందరూ వినేట్టు అడిగింది: "చేతులు శుభ్రంగా కడుక్కునే కలిపావా అమ్మాయ్? మాకు అసలే తలలు తిరిగే వయసు." హాలంతా నవ్వింది. నా గిన్నె నిండుగానే ఇంటికొచ్చింది. దారి పొడుగునా మావారు నన్ను సముదాయిస్తూనే ఉన్నారు.

ఆవిడది తెనాలి. కౌన్సిల్‌లో పనిచేసి, కాళ్ళు సరిగ్గా పడక, రిటైరయ్యే వయసు రాకముందే మానేసింది. అదేదో నరాల జబ్బు, కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. రెండేళ్ళ తర్వాత ఒక రోజు తనే ఫోన్ చేసింది. గొంతులో ఆ పాత దర్జా లేదు.

"రాజ్యం, నిన్నొకటి అడగొచ్చా? హాస్పిటల్ వాళ్ళు ఏదో ట్రయల్‌లో పెట్టారు. నాలిక కింద కొట్టుకునే స్ప్రే. గంజాయి మందట. వాడచ్చంటావా?"

"మీ డాక్టరు చెప్తే వాడండి ఆంటీ" అన్నాను. అంతకంటే నేనేమీ చెప్పకూడదు. ఎవరికి అసలు మందు వెళ్తోందో, ఎవరికి మందు లేని ఉత్త సీసా వెళ్తోందో మాకూ తెలియదు.

నెల తిరక్కుండా స్టాన్‌మోర్ రమ్మంది. వెళ్ళేసరికి వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పోస్తోంది! చేతికర్ర ఫ్రిజ్‌కి ఆనించి ఉంది. "కూర్చో. మూడేళ్ళయిందే నేను పొయ్యి దగ్గర నిలబడి. కోడలు పోసిన దోసెలు తిని తిని నాలిక చచ్చిపోయింది" అంది. కోడలు వెనకాల నవ్వుతోంది.

"తల తిరగడం, మత్తు అలాంటివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"ఏమీ లేదు. కాళ్ళు మెత్తబడతాయి, అంతే. నా మాట వింటాయి. ఒకటి మాత్రం చెప్పాలి, ఆ స్ప్రే పుదీనా వాసనేస్తుంది గానీ, దాని వెనకాల ఇంకేదో ఉంది. తెలిసిన వాసనే, గుర్తు రావట్లేదు."

నాకు అర్థమైపోయింది. నేను నీళ్ళు పోసి, నల్లి ఏరి పెంచిన మొక్క ఈవిణ్ణి నిలబెట్టింది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెప్తే ట్రయల్ పాడవుతుంది, అందుకని ఇంకో దోసె వెయ్యమన్నాను.

బాయిలర్ చెడిన వారం



పాత గాజు ఇంటిని వెచ్చగా ఉంచడానికి బాయిలర్ ఉండేది. శబ్దం తేడాగా వస్తోంది, మనిషిని పిలిపించమని ఆ శరదృతువంతా డెరెక్ చెవిలో జోరీగలా చెప్పాను. "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం" అన్నాడు. జనవరిలో గడ్డకట్టే చలిలో అది ఆగిపోయింది. పొద్దున్నే మేం వెళ్ళేసరికి కొత్తగా నాటిన కొమ్మలన్నీ చచ్చి వాలిపోయి ఉన్నాయి. తల్లిమొక్కలు మాత్రం కొన్ని ప్రాణంతో ఉన్నాయి. చేతికందిన కుండీని అందినట్టు ట్రాలీల మీద పెట్టి పరిగెత్తాం. ఆ హడావుడిలో కుండీల్లో గుచ్చిన లేబుల్ పుల్లలు ఊడి మంచులో పడ్డాయి. ఎవర్నీ తప్పుపట్టను, నేనూ పరిగెత్తినదాన్నే.

చివరికి రెండు ట్రాలీలు మిగిలాయి, పేర్లు లేకుండా. ఒకటి ఇరవై ఏడు, ఒకటి ఇరవై ఎనిమిది. వెచ్చగా ఉన్న ఇంట్లో ఒక్క ట్రాలీకే చోటుంది. ఇరవై ఏడే ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. దాని మీద ట్రయల్ నడుస్తోంది, దాని మీద జనం కాళ్ళు నిలబడుతున్నాయి. తేలాల్సింది ఒకటే: ఏ ట్రాలీ ఇరవై ఏడు?

ఎడమ ట్రాలీలో లేత కొమ్మ నలిపాను. మామిడి సొన. కుడి ట్రాలీలో నలిపాను. టర్పెంటైన్. "ఎడమది ఇరవై ఏడు డెరెక్. అనుమానమే లేదు" అన్నాను.

ఆయనా నలిపి చూశాడు. "రెండూ పైన్ వాసనే. రికార్డులోనూ అదే ఉంది."

"రికార్డులో నువ్వు రాయించావు కాబట్టి ఉంది! నేను ఆ రోజే చెప్పాను."

"రాజ్, ఒకరి జ్ఞాపకాల మీద నేను నిర్ణయం తీసుకోలేను. ఇరవై ఏడు ఎప్పుడూ గట్టి మొక్క. కుడి ట్రాలీ చూడు, ఎంత పచ్చగా ఉందో. అదే ఇరవై ఏడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ల్యాబుకి పంపుదాం, వారంలో తేలిపోతుంది, అప్పటిదాకా రెండూ ఉంచుదాం అన్నాను. చోటు లేదన్నాడు. చెరి సగం పెడదామన్నాను. పేరు తెలియని మొక్కలు కలిపి పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవన్నాడు. ఆఫీసు గదిలో హీటర్ ఉంది, నా టేబుల్ మీద ఒక్క కుండీ ఉంచుకుంటాను అన్నాను. లైసెన్సులో ఆఫీసు గది లేదన్నాడు. నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆ మగవాడి మొహంలో విసుగు తప్ప ఏమీ కనపడలేదు. "నీకు ఇంటి బెంగ పట్టుకున్నట్టుంది" అన్నాడు చివరికి, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి.

ఇంటి బెంగట! నేను నా శాస్త్రం మాట్లాడుతుంటే, ఆయనకి అందులో మామిడి తోట గుర్తొచ్చి ఏడుస్తున్న ఆడది కనపడింది.

మొక్కని నాశనం చేసేటప్పుడు తూకం వేసి, సాక్షి సంతకం పెట్టి, కత్తెరల యంత్రంలో వెయ్యాలి. సాక్షిగా నన్ను రమ్మన్నాడు. పెట్టనన్నాను. ఇంకొకరెవరో పెట్టారు. నేను షెడ్డు బయట నిలబడ్డాను. యంత్రం తిరగడం మొదలుపెట్టగానే ఆ వాసన షెడ్డు దాటి, కంచె దాటి వచ్చింది. వేసవిలో నాన్న తోటలో కోత రోజు ఎలా ఉండేదో అలా ఉంది. గార్డు బయటికొచ్చి "ఇవాళేంటి, వాసన బాగుందే" అన్నాడు. వాడి ముక్కుకి కూడా తెలిసింది.

మరుసటి వారం ల్యాబు ఫలితం వచ్చింది. మేం కాపాడుకున్నది నిండా మత్తు సరుకు. ఇరవై ఎనిమిది.

డెరెక్ క్షమాపణ చెప్పాడనుకుంటున్నారా? "రెండు వేరే రకాలు కలిపి అదే పాళ్ళు తెద్దాం. అంకెలు సమానమైతే మందూ సమానమే" అన్నాడు. నిమ్మకాయా పులుపే, చింతపండూ పులుపే, అంత మాత్రాన ఒకటే పులిహోర అవుతుందా?

ఆ తర్వాత

కొత్త సీసాలు వెళ్ళిన కొన్నాళ్ళకి కృష్ణవేణి ఆంటీ ఫోన్ చేసింది. "మందు మార్చారా ఏమిటే? ఆ వాసన లేదు. కొట్టుకుంటే గుండె దడ, తల దిమ్ము. కాళ్ళు మళ్ళీ కర్రలు." డాక్టరు మోతాదు తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. చివరికి ఆవిడే మానేసింది. తేడా మొక్కదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. జబ్బు కూడా ముదిరి ఉండొచ్చు. కానీ ల్యాబు కొలవనిది ఏదో ఆ మొక్కలో లేదని ఆ డెరెక్ కూడా ప్రమాణం చెయ్యలేడు కదా! ఆ తేడా ఏమిటో తెలుసుకునే దారినే ముక్కలు చేసి పడేశాం.

అన్నిటికంటే కడుపు మండిన సంగతి ఇంకోటుంది. రెండేళ్ళ తర్వాత పెద్దమనుషులెవరో మా గాజు ఇళ్ళు చూడటానికి వచ్చారు. డెరెక్ కోటు వేసుకుని తిప్పుతున్నాడు. ఇరవై ఎనిమిది దగ్గర ఆగి కొమ్మ నలిపి వాళ్ళ ముక్కుల దగ్గర పెట్టాడు. "చూడండి, అన్‌రైప్ మ్యాంగో. మా ప్రత్యేకత ఇదే" అన్నాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చి, అవునవును, మ్యాంగో అన్నారు. నా మాట తీసుకెళ్ళి తప్పు మొక్కకి తగిలించాడు! "అది టర్పెంటైన్" అన్నాను అందరి ముందూ. డెరెక్ వాళ్ళని తర్వాతి వరస దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ రోజుల్లోనే పేపర్లు వీధుల్లో అమ్మే ఘాటు గంజాయిని పట్టుకుని స్కంక్, స్కంక్ అని గోల పెట్టేవి. ప్రభుత్వం ఒకసారి మత్తుమందుల చట్టంలో గంజాయిని కింది తరగతికి దించింది, మళ్ళీ పైకి ఎక్కిస్తామంది. టీవీలో కూర్చుని వాదించేవాళ్ళలో ఒక్కడికీ ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా తెలియదు. గంజాయి అంటే ఒకటే మొక్క అనుకునేవాళ్ళే అందరూ. మామిడి అంతా ఒకటే అన్నవాణ్ణి నూజివీడులో తోటలోకి రానిస్తారా?

కాబట్టి పిల్లలూ, మీ ముక్కుకి తెలిసినది మీ మాటల్లోనే చెప్పండి. అందరికీ తెలిసిన మాటలోకి మార్చమంటే మార్చకండి. ఆ వస్తువునే తెచ్చి బల్ల మీద పెట్టండి. నేను ఆ మీటింగ్‌కి ఒక పచ్చి మామిడికాయ పట్టుకెళ్తే వాళ్ళు నమ్మేవారేమో అని మావారంటారు. నమ్మేవారు కాదు. అయినా మీరు పట్టుకెళ్ళండి.

రిటైరైన వేసవిలో కృష్ణవేణి ఆంటీ పిలిచింది, ఆవకాయ పెట్టాలి, తోడు రమ్మని. అప్పటికి చక్రాల కుర్చీలోకి వచ్చేసింది. ఆ కుర్చీలోనే వంటింటి బల్ల దగ్గర కూర్చుని తడిగుడ్డతో కాయలు తుడుస్తోంది. కొట్టువాణ్ణి బతిమాలి తొడిమలున్న కాయలు ఏరి తెచ్చాను. ఒక తొడిమ తుంచాను. సొన చివ్వున నా వేళ్ళ మీద పడింది.

ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకుని వేళ్ళు ముక్కు దగ్గరికి లాక్కుంది.

"ఇదేనే! ఆ మొదటి మందు వాసన. నేను నిలబడ్డప్పటిది."

ఇంక దాచడానికి ట్రయల్ లేదు, ఉద్యోగం లేదు. అంతా చెప్పేశాను. మొక్క నాదేనని, ఎలా పోయిందో కూడా చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఒక్క కొమ్మ దాచలేకపోయావా?"

"గేటు దగ్గర సంచీ వెతుకుతారు ఆంటీ. దొరికితే జైలు."

"ఈ ఊళ్ళో అటకల మీద పెంచే వెధవలు ఎంతమంది లేరు! వాళ్ళలో ఒక్కడి చేతిలో పడ్డా ఆ మొక్క ఈపాటికి బతికుండేది. చదువుకున్నవాళ్ళ చేతిలో పడి చచ్చింది."

సొన పడ్డ వేళ్ళు మండుతున్నాయి. లేచి సింకు దగ్గరికి వెళ్ళి కొళాయి తిప్పబోయాను.

"రాజ్యం, ఇలా రా" అంది వెనక నుంచి. "చేతులు అప్పుడే కడుక్కోకు."